జున్ను వద్దన్నందుకు అత్తగారు మాట్లాడటం లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా వీగన్‌గా ఉంటున్నాను. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం, తేనె ఏవీ ముట్టను. అత్తగారిది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు, ఇంట్లో నాలుగు గేదెలున్నాయి. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక గేదె ఈనింది. అత్తయ్య నాకోసమని జున్ను వండి పెడితే, ‘ఇది దూడ నోటి దగ్గర లాక్కున్నది, నేను తినను’ అన్నాను. చుట్టాలంతా అక్కడే ఉన్నారు. అప్పటి నుంచి ఆవిడ నాతో ఫోన్లో కూడా మాట్లాడటం లేదు. మావారు నాలుగు నెలలు నాతోపాటు అన్నీ మానేశారు, ఇప్పుడు నాకు తెలియకుండా బయట బిర్యానీ తింటున్నారు. నేను ఇంట్లో లేనప్పుడు మా నాలుగేళ్ల పాపకు పాలు, గుడ్డు పెట్టి ‘అమ్మకు చెప్పొద్దు’ అంటున్నారు. పాపే నాకు చెప్పింది. నేను నమ్మినదాన్ని నా ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేకపోతే ఎలా? ఈ గొడవలతో నీరసంగా ఉంటోంది, అరికాళ్లలో తిమ్మిర్లు కూడా వస్తున్నాయి.

జవాబు: ఉత్తరం చివర్లో ఒక్క మాట అనేసి వదిలేసిన ఆ తిమ్మిర్ల సంగతి ముందు చూద్దాం. నీరసం గొడవల వల్లే కావచ్చు. కానీ మూడేళ్లుగా పాలు, గుడ్డు కూడా తినని మనిషికి అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయంటే మొదట అనుమానించాల్సింది బి12 విటమిన్ లోపాన్నే. మీరు దానికి మాత్రలేవైనా వేసుకుంటున్నట్టు ఎక్కడా రాయలేదు. ఈ విటమిన్ మనకు పాలు, గుడ్లు, చేపలు, మాంసం నుంచి అందుతుంది. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండదు. పులిసిన ఇడ్లీ పిండిలో వస్తుందనీ, స్పిరులినా అనే నాచుపొడిలో ఉంటుందనీ చెప్పేవాళ్లున్నారు, వాటిని నమ్ముకోకండి. కాలేయంలో కొంత నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు, కొన్నేళ్లు గడిచాకే బయటపడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాళ్లకు ఫోలేట్ అనే మరో విటమిన్ దండిగా అందుతుంది. దాంతో బి12 లోపం వల్ల రావాల్సిన రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు. లోపల నరాలకు మాత్రం దెబ్బ తగులుతూనే ఉంటుంది, ఆలస్యమైతే అది పూర్తిగా మానకపోవచ్చు కూడా. అందుకని ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్రలు మీరే కొని వేసుకోవద్దు, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మాత్రలు మొదలుపెట్టాక చేయిస్తే అసలు లోపం ఎంతుందో తేలదు. షుగరు, థైరాయిడ్, డి విటమిన్ కూడా చూడమనండి, తిమ్మిర్లకు వేరే కారణాలూ ఉంటాయి. లోపం ఉన్నా లేకపోయినా, వీగన్‌గా ఉన్నన్నాళ్లూ మీకు బి12 మాత్ర తప్పదు. ‘చూశావా, పాలు మానేస్తే ఇంతే’ అని ఇంట్లో ఎవరో అంటారని ఈ సంగతి దాచకండి.

ఇక జున్ను. మీరన్న మాటలో అబద్ధమేమీ లేదు. పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పెయ్యదూడ పుడితే సంబరం, దున్నదూడ పుడితే పెదవి విరుపు. గేదె చేపేదాకా, అంటే పొదుగులోకి పాలు దిగేదాకా దూడను వదిలి, చేపగానే లాగి కట్టేస్తారు. వట్టిపోయిన గేదె సంతకు పోతుంది. గేదె మాంసం ఎగుమతుల్లో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. ఆ మాంసం ఎక్కువగా పాడి నుంచి బయటికి పోయిన పశువులదే. ఇవన్నీ చూసి మీరు పాలు మానేశారంటే నాకు మీమీద గౌరవమే.

అత్తయ్య వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. చీకటితో లేచి, పేడ తీసి, తవుడూ తెలగపిండీ కలిపి కుడితి పెట్టి, పాలు పిండి కేంద్రంలో పోయించి, వెన్న శాతం ఎంత పడిందో చీటీలో చూసుకుని, మళ్లీ సాయంత్రం అదే పని. బాలింతరాలైనా జ్వరమొచ్చినా ఆ పని ఆగదు. పాల బిల్లు డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో ఆడే ఏకైక సొమ్ము. మీవారి కాలేజీ ఫీజుల్లో ఆ పాల డబ్బు ఎంత ఉందో ఆయన్నే అడగండి. పైగా జున్నుపాలు కేంద్రంలో పోసేవి కావు. ఈనిన తొలి రోజుల పాలు అయినవాళ్లకు, ఇరుగుపొరుగుకు పంచుకుంటారు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించి, పట్నం నుంచి వచ్చిన కోడలికని ఆవిడ ఒక గిన్నె పక్కన పెట్టారు. నలుగురిలో ఆవిడ చెవికి వినపడింది ‘నువ్వు దూడ నోరు కొట్టావు’ అని. ‘వద్దు అత్తయ్యా, నేను పాలు మానేశాను’ అని ఉంటే సరిపోయేది. వద్దనే హక్కు మీకు పూర్తిగా ఉంది. మిగిలిన ముక్క తీర్పు, దాన్ని ఆవిడ అడగలేదు.

ఫోన్లో ప్రయత్నించకండి, ఊరెళ్లండి. ‘అత్తయ్యా, తినకపోవడం నా పద్ధతి. అందరిలో అలా అనడం మాత్రం తప్పే’ అని చెప్పి అక్కడితో ఆపండి. ‘కానీ’ అని మొదలయ్యే వాక్యం ఆ పూట వద్దు. దొడ్లోకి ఆవిడ వెంట వెళ్లి ఆ దూడ ఎలా ఉందో అడగండి. మీకు నిజంగానే పట్టే విషయం అది. దూడ పోయి, గేదె రాత్రంతా అరిచిన సందర్భాలు ఆవిడ కూడా చూసే ఉంటారు. జంతువుల బాధ గురించి ఇంట్లో మీతో మాట్లాడగలిగే మనిషి ఆవిడే కావచ్చు, మీవారు కాదు.

ఇతరులను ఇటువైపు తిప్పాలన్న మీ కోరిక విషయానికొస్తే, మన వంటింట్లో సగం పని ఎప్పుడో అయిపోయింది. పప్పుచారు, నువ్వులూ పల్లీలూ దంచి కూరిన గుత్తివంకాయ, చింతపండు పులిహోర, పెసరట్టు, నువ్వులనూనెతో కలిపిన ఆవకాయ, శ్రీరామనవమి పానకం, వడపప్పు. నెయ్యి చుక్క పడకపోతే వీటిలో జంతువు ఊసే లేదు. మీరు వండి పెట్టండి, దాని పేరేమిటో చెప్పకండి. అడిగినవాళ్లకు వంట చెప్పండి, అడగనివాళ్లకు అన్నం దగ్గర హింస గురించి చెప్పొద్దు.

కష్టమంతా చివరి ముద్ద దగ్గర. తెలుగువాడికి పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టు ఉండదు. మీవారు బిర్యానీ దగ్గర జారారని మీరనుకుంటున్నారు, నాకైతే పెరుగు దగ్గరే మొదలై ఉంటుందనిపిస్తోంది. నానబెట్టిన పల్లీలు రుబ్బి, వడగట్టి, ఆ పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేస్తే తోడుకుంటుంది. పల్లీ వాసన తెలుస్తుంది. దాన్ని గడ్డపెరుగుతో పోటీకి నిలబెట్టకండి, ఓడిపోతుంది. అల్లం, కరివేపాకు, ఆవాల తాలింపు పెట్టి దద్దోజనంలా కలిపితే మాత్రం ఒప్పిస్తుంది. మనవాళ్లు శనివారమని, కార్తీకమాసమని ఇట్టే మాంసం మానేస్తారు. గడువున్న నియమం మనకు అలవాటే, జన్మంతా అంటేనే బెదురు. వారానికి ఒకటో రెండో రోజులు మీతోపాటు తినమని ఆయన్ని అడిగి చూడండి. నాలుగు నెలలు ఉండగలిగిన మనిషి, ఒప్పుకుంటారు. మిగతా రోజుల్లో ఆయన ఏం తిన్నారో ఆరా తీయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది పాప సంగతి. గుడ్డు తిన్నందుకు ఆ పిల్లకు ఏమీ కాదు. అమ్మ దగ్గర దాచడం, నాన్న మీద చాడీ చెప్పడం ఈ రెండూ నాలుగేళ్లకే నేర్చుకుంటోంది, అదీ నా బెంగ. మీరిద్దరూ కలిసి పిల్లల డాక్టరు దగ్గర కూర్చోండి. పిల్లలను వీగన్‌గా పెంచడం సాధ్యమే, అయితే బి12 తప్పనిసరిగా ఇవ్వాలి. కాల్షియం, ఐరన్, ప్రొటీన్ లెక్క చూసుకోవాలి, ఎదుగుదలను డాక్టరు కనిపెట్టి ఉండాలి. ‘రాగిజావ ఇస్తున్నాంగా’ అంటే కుదరదు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది, నిజమే. పిల్ల తాగే గ్లాసుడు జావలో పడే పిండి రెండు చెంచాలు, అంటే 20 గ్రాములు, వచ్చేది 70 మిల్లీగ్రాములు. ఆయన ఇంత బాధ్యతకు సిద్ధంగా లేకపోతే, పాపకు కొన్నాళ్లు పాలు, గుడ్డు బాహాటంగానే పెట్టనివ్వండి. ఈ మాట మీకు నచ్చదని తెలుసు. కానీ పిల్ల మీ ఇద్దరిదీ, ఒక్కరి నమ్మకాన్ని రెండోవారు దొంగచాటుగా తప్పించుకునే ఇంట్లో ఆ నమ్మకం పిల్లకు అంటదు.

మీరిద్దరూ ఏది అనుకుంటే అది అత్తయ్యకు మీవారే చెప్పాలి. మీ నోట వస్తే అది కోడలు పెట్టిన ఆంక్ష అవుతుంది, కొడుకు చెబితే ఇంటి పద్ధతి అవుతుంది. ‘అమ్మకు చెప్పొద్దు’ అనే మాట పాప దగ్గర ఇంకెవరూ అనకూడదని కూడా ఆయనే చెప్పాలి, ముందు ఆయన మానేసి.