ప్రమాణంలో లేని రంగుల కుక్కలను పెంచి అమ్మడం తప్పా?

ఈ ప్రశ్నకు తప్పనో కాదనో ఒక్క ముక్కలో తేల్చేసేవారిని నేను నమ్మను. ఒక రంగు, కుక్కజాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్బుల ప్రమాణాల పుస్తకంలో ఉందా లేదా అన్నదానికీ, ఆ రంగుతో పుట్టిన కుక్క ఆరోగ్యంగా బతుకుతుందా లేదా అన్నదానికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. తెల్ల జర్మన్ షెపర్డ్‌ను ప్రదర్శనల్లో అనర్హమని పక్కన పెడతారు గానీ, ఆ తెలుపు వల్ల దానికి చెవుడు రాదు. గ్రేట్ డేన్‌లో తెలుపు మీద నల్లమచ్చల హార్లెక్విన్‌కు పోటీల్లో పెద్దపీట వేస్తారు. దాని వెనుక ఉన్న మెర్ల్ జన్యువు (ఒంటిరంగును అక్కడక్కడా పలచబరిచి మచ్చలు చేసేది) తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు చేరితే మాత్రం, పిల్ల చాలావరకు తెల్లగా పుట్టి, తరచు వినికిడో చూపో, ఒక్కోసారి రెండూనో పోగొట్టుకుంటుంది.

గోపాలపట్నంలో మా చిన్నమామయ్యకు అలాంటి పిల్లనే "అరుదైన తెల్ల డేన్, నీలికళ్లు" అని చెప్పి, మామూలు ధరకు రెట్టింపు తీసుకుని అంటగట్టారు. నేను చూడటానికి వెళ్లినప్పుడు అది వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకుని నిద్రపోతోంది. కుక్కర్ కూత మీద కూత వేసింది, గట్టు మీద గిన్నెల బుట్ట బోర్లాపడింది, వీధికుక్కలు గేటు దగ్గరే కొట్లాడుకున్నాయి. దాని చెవి కొస కూడా కదలలేదు. "దీనిది కుంభకర్ణుడి నిద్రరా" అని అత్తయ్య మురిసిపోయింది. అది లేచాక నేను వెనక నిలబడి చప్పట్లు కొట్టాను, పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. కాలితో నేలను గట్టిగా తన్నితే మాత్రం ఉలిక్కిపడి తిరిగింది. మామయ్య ఫోన్ చేస్తే, "పసిది కదండి, పెద్దయితే వినపడతాదండి" అన్నాడు అమ్మినాయన. కుక్కపిల్లలకు పుట్టిన రెండు మూడు వారాలకే చెవులు తెరుచుకుంటాయి, దానికేమో అప్పటికే రెండు నెలలు దాటాయి. తల్లిదండ్రుల ఫోటోలు అడిగితే ఏ జంకూ లేకుండా పంపాడు: రెండూ బూడిదరంగు ఒంటి మీద సిరా చిలికినట్టున్న మెర్ల్ కుక్కలే. అలాంటి జతకు పుట్టే ప్రతి పిల్లకూ రెండు జన్యువులూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ కారణంగానే బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ 2013 నుంచి మెర్ల్‌కూ మెర్ల్‌కూ పుట్టిన పిల్లలను నమోదు చేసుకోవడం మానేసింది.

నీలం అని పిలిచే బూడిదరంగు డాబర్‌మన్, వెండి లాబ్రడార్‌ల సంగతి వేరు. అక్కడ నలుపునో గోధుమనో పలచబరిచే జన్యువు పని చేస్తుంది. నీలం డాబర్‌మన్‌లలో చాలావాటికి వీపు మీద జుట్టు రాలి, చర్మం పదేపదే చీముపడుతుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. మన విశాఖ ఉక్కపోతలో ఆ బాధ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? (మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద మంచుదేశపు కుక్క హస్కీని ఈడ్చుకెళ్లేవారు నాకు జంతుప్రేమ గురించి ఉపన్యాసం ఇస్తే ఒళ్లు మండుతుంది.) అలాగని పుస్తకం ఒప్పుకున్న రంగులన్నీ క్షేమమని అనుకోకండి. బ్రిటన్ పశువైద్యశాలల రికార్డులతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో చాక్లెట్ లాబ్రడార్‌ల ఆయుర్దాయం 10.7 ఏళ్లని, మిగతా రంగులవాటిది 12.1 ఏళ్లని తేలింది. చాక్లెట్ పూర్తిగా ప్రమాణంలో ఉన్న రంగే.

కాబట్టి నా దృష్టిలో తప్పంతా రంగుకోసమే జత కట్టించడంలోనూ, "అరుదు" అన్న మాటకు రెట్టింపు డబ్బు పోసే మనలోనూ ఉంది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, ఒక తల్లిని జీవితకాలంలో ఐదు ఈతలకు మించి ఈనించకూడదు. కొనేముందు ఆ నమోదు పత్రం అడగండి, తల్లిదండ్రులను కళ్లారా చూడండి. మెర్ల్ పిల్లే కావాలంటే వాటిలో ఒకటి కచ్చితంగా మెర్ల్ కానిదై ఉండాలి. పైకి ఒకే రంగుగా కనిపించే కుక్కలోనూ ఆ జన్యువు దాగి ఉండవచ్చు కనుక జన్యుపరీక్ష కాగితం చూపించమనండి. "ఫోటో చాలదా సార్" అంటే అడ్వాన్సు కట్టకండి.