క్రైస్తవులు దయ, నవ్వు ముఖం తోటి విశ్వాసులకే చూపాలా, అందరికీనా?

అందరికీ చూపాలి, మతం, కులం, పరిచయం ఏదీ చూడకుండా. ఎందుకంటే యేసు చెప్పిందే అది. మీవాళ్లను మాత్రమే పలకరిస్తే అందులో గొప్పేముంది, అన్యులూ అలాగే చేస్తారు కదా అని కొండమీది ప్రసంగంలో ఆయన అడుగుతాడు. దేవుడు మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఒకేలా వాన కురిపిస్తాడు, ఆయన పిల్లలూ అలాగే ఉండాలి అన్నది అక్కడి వాదన. యేసు చెప్పిన మంచి సమరయుడి కథలోనూ దెబ్బలు తిన్నవాణ్ణి ఆదుకున్నది యూదులు దూరం పెట్టిన జాతివాడే.

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఆటో నడిపే క్రైస్తవుడు ఒకాయన ఉన్నాడనుకోండి. కొండకు వచ్చిన పెద్దావిడ దారి తెలియక టెన్షన్ పడుతుంటే, "రామ్మా, కూర్చో" అని నవ్వుతూ పలకరించి, న్యాయమైన బాడుగకే అలిపిరిలో దించి, మెట్లదారి చూపించడం అచ్చంగా ఈ దయే. అక్కడ మతం మాట ఎత్తాల్సిన పనే లేదు. బదులు ఆశించి చేస్తే అది దయ ఎలా అవుతుంది?

చాలామంది పొరపాటు పడేది ఉల్లాసం విషయంలో. విశ్వాసి ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలని, బాధ దాచుకోవాలని అనుకుంటారు. కానీ చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడు. సంతోషించేవాళ్లతో సంతోషించండి, ఏడ్చేవాళ్లతో ఏడవండి అని తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమాలోని క్రైస్తవ సంఘానికి రాశాడు.