వేరే రాష్ట్ర హైకోర్టు తీర్పు మన జిల్లా కోర్టుకు వర్తిస్తుందా?

బాంబే హైకోర్టు తీర్పు చూపించినా మీ జిల్లా సివిల్ జడ్జి పట్టించుకోలేదని, ఇది చట్టవిరుద్ధం కాదా అని అడిగారు. కాదండీ. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం దేశంలోని కోర్టులన్నీ పాటించి తీరాల్సింది సుప్రీంకోర్టు చెప్పిన చట్టాన్ని. హైకోర్టు తీర్పు దాని పరిధిలోని కింది కోర్టులకే కట్టుబాటు. బయటివాళ్లు సబబనిపిస్తే తీసుకుంటారు, లేదంటే లేదు.

పై కోర్టు తీర్పును కింది కోర్టులు పాటించడం ఇంగ్లండు నుంచి వచ్చిన పద్ధతి. 12వ శతాబ్దంలో రెండో హెన్రీ రాజు పంపిన న్యాయమూర్తులు ఊరూరా తిరిగి విచారణలు జరిపారు. తలో ఊరికి తలో ఆచారం పోయి, రాజ్యమంతటికీ ఒకే న్యాయంగా కామన్ లా అలా పెరిగింది. పాత తీర్పును తప్పక పాటించాలన్న కఠిన నియమం మాత్రం 19వ శతాబ్దానికి గానీ గట్టిపడలేదు.

మీది కోస్తా జిల్లా అన్నారు కాబట్టి ఒక దారి ఉంది. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. అంతకుముందు మీ ప్రాంతం మద్రాసు హైకోర్టు కింద ఉండేది; అప్పటి మద్రాసు తీర్పులు తమకూ కట్టుబాటేనని 1955లో ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచ్ (ఎక్కువమంది జడ్జీలు కలిసి కూర్చునే ధర్మాసనం) తేల్చింది. మీ పాయింటు మీద పాత మద్రాసు తీర్పేమైనా ఉందేమో లాయరు గారిని వెతకమనండి. దొరికితే, ఫలితానికి ఆధారమైన న్యాయసూత్రం ఉన్న పేరానే చూపించాలి. మాటవరసకు అన్న వాక్యాలకు ఆ బలం ఉండదు.