పది మంది చేరాకే వీడియోలు తీయండి

ప్రశ్న: మాది విజయనగరం. పన్నెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను, వీధిలో పిల్లలకి నేర్పుతాను కూడా. యూట్యూబులో చూసి కుట్టుకున్నాం, చంక దగ్గర ముడతలు వస్తున్నాయి, భుజం జారిపోతోంది అంటూ సరిచేయించుకోడానికి చాలామంది వస్తుంటారు. ఆన్‌లైన్ కోర్సు పెట్టమని మా చెల్లెలు ఒకటే పోరు. వెబ్‌సైటూ యాపూ చేసిపెడతామని ఒకరు 35,000 అడిగారు. నా దగ్గర చీటీ డబ్బు 8,000 ఉంది. టైలరింగ్ మొత్తం నలభై వీడియోల్లో చెబుదామని రాసుకున్నాను. దిగమంటారా?
— పేరు వేయొద్దన్నారు, విజయనగరం

జవాబు: దిగండమ్మా. కానీ ఆ 35,000 ఆయనకి ఇప్పుడే వద్దని చెప్పేయండి, నలభై వీడియోల కాగితం కూడా మడిచి బీరువాలో పెట్టేయండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆరేళ్ల కిందట నేనూ శ్రీకాకుళంలో ఒక గది అద్దెకి తీసుకుని ఎక్సెల్ పాఠాలు తీశాను. మైకు, లైట్లు, ఎడిటింగ్ చేసిన కుర్రాడికి ఇచ్చింది, అన్నీ కలిపి నలభై వేలు దాటింది, ఐదు నెలలు పట్టింది. కొన్నది ముగ్గురు. అందులో ఒకడు మా బావమరిది. ఎవరికి ఏం కావాలో ఒక్కరినీ అడక్కుండా, నాకు తెలిసిందంతా కుమ్మరించేశాను, అదీ నేను చేసిన తప్పు.

మీకు ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఏం అమ్మాలో మీ ఉత్తరంలోనే రాసేశారు. జాకెట్టు కటింగ్ వీడియోలు ఊరికే బోలెడు దొరుకుతాయి, అవి చూసి కుట్టినవాళ్లే కదా ముడతలతో మీ గుమ్మం ఎక్కుతున్నది! వాళ్లకి ఇంకో వీడియో అక్కర్లేదు, కుట్టిన జాకెట్టు చూసి 'ఇదిగో ఇక్కడ చంక రౌండు పావు అంగుళం ఎక్కువ తీశావు' అని చెప్పేవాళ్లు కావాలి. డబ్బు తీసుకోవాల్సింది దానికే. అందుకని మొదటి కోర్సు చిన్నది పెట్టండి: మిషను తొక్కడం వచ్చినవాళ్లకి, సొంత కొలతలతో ముడతల్లేని లైనింగ్ జాకెట్టు ఒక్కటి. ప్రిన్సెస్ కట్, కటోరి లాంటి మోడళ్లు, మగ్గం వర్కు తర్వాత చూసుకోవచ్చు.

ఇక ముందు అమ్మండి, తర్వాత తీయండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లకి, వాళ్ల చెల్లెళ్లకి, బొబ్బిలిలోనో రాజాంలోనో ఉన్న మీ చుట్టాలకి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పంపండి: ఆరు క్లాసులు, పది మందే, 499 రూపాయలు, చివరికి మీ జాకెట్టు మీ చేత్తో. మీ ఫోన్‌పేకో గూగుల్ పేకో నేరుగా వేయించుకోండి. పేమెంట్ గేట్‌వే, అంటే వెబ్‌సైట్లో డబ్బు కట్టించుకునే ఏర్పాటు, పెట్టుకుంటే సాధారణంగా 2 శాతం దాకా ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పోతుంది, పది మందికి ఆ హంగామా ఎందుకు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ టెన్షన్ కూడా పెట్టుకోకండి, సేవలకి ఏడాదికి 20 లక్షల ఆదాయం దాటాక మాట అది. నలుగురే చేరితే నలుగురికే చెప్పండి. ఒక్కరూ చేరకపోతే మీకు పోయింది నాలుగు మెసేజీలే, చీటీ డబ్బు భద్రంగా ఉంటుంది.

క్లాసు లైవ్‌లో చెప్పండి. జూమ్ ఉచితంగా 40 నిమిషాలిస్తుంది, గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంట వస్తుంది. ఒక రోజు కొలతలు, ఒక రోజు పేపర్ కటింగ్, అలా సాగితే 40 నిమిషాలు చాలు. క్లాసు మీ ఫోన్‌లో నడుస్తుంటే పక్కన మీ ఇంట్లోవాళ్ల ఫోను ఒకటి పెట్టి రికార్డు చేసుకోండి. రేపు అమ్మబోయే వీడియోలు అవే, పైగా మీ విద్యార్థులు ఎక్కడ ఆగిపోయి ఏం అడిగారో కూడా వాటిలో ఉంటుంది.

ఖర్చు దేనికంటారా, కాలరు మైకుకి, ఫోను స్టాండుకి. రెండూ రెండు వేల లోపు వచ్చేస్తాయి. ఫోను మీ ముఖానికి ఎదురుగా కాదు, కటింగ్ బల్లకి సరిగ్గా పైన ఉండాలి. కిటికీ వెలుతురు పక్క నుంచి పడాలి, వెనక నుంచి పడితే మీ చేతి నీడే గుడ్డమీద కనిపిస్తుంది. పూల గుడ్డ మీద సుద్ద గీత కనపడదు, ప్లెయిన్ గుడ్డ వాడండి. పేపర్ కటింగ్‌కి పాత న్యూస్‌పేపరు కూడా వద్దు, అక్షరాల మధ్య గీత కలిసిపోతుంది, బ్రౌన్ షీటు మీద మార్కరుతో గీయండి. మిషను నడుస్తున్నంతసేపు మాట్లాడకండి. ఫ్యాను ఆపేయాలి, మన ఉక్కలో అది నరకమే, కాబట్టి తెల్లవారు ఆరింటికే పని కానిచ్చేయండి.

తప్పులు దిద్దే పని వాట్సాప్‌లో పెట్టుకోండి. కుట్టిన జాకెట్టు వేసుకుని ముందు నుంచి, వెనక నుంచి, చెయ్యెత్తి, మూడు ఫొటోలు పంపమనండి. కొందరు సిగ్గుపడతారు, ముఖం లేకుండా తీయమనండి, గ్రూపులో కాకుండా మీకొక్కరికే పంపమనండి. ఆది జాకెట్టు, అంటే కొలత కోసం పెట్టుకునే పాత జాకెట్టు, పెట్టి గీసేవాళ్లయితే దాని ఫొటో టేపుతో సహా తీయించండి, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఆ ఆది జాకెట్టులోనే ఉంటుంది, అది మీకు నేను చెప్పాలా!

ఎప్పుడు పెట్టాలన్నది కూడా ముఖ్యం. దసరా నుంచి సిరిమాను పండగ దాకా, మళ్లీ సంక్రాంతికి, మీ మిషనుకి ఊపిరాడదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, చేతిలో పని తక్కువ. అప్పుడు మొదలుపెట్టి 'శ్రావణ శుక్రవారానికి మీ జాకెట్టు మీరే కుట్టుకోండి' అని చెప్పి చూడండి.

మిగతా ఆరు వేలు ముట్టుకోకండి. రెండో బ్యాచి కూడా నిండాక యాపు గురించి మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: నేను గణితం పాఠాల వీడియోలు అమ్ముతున్నాను. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇస్తున్నాను. ఎవరో ఆ లింకు బయట పంచుతున్నారు. ఎలా ఆపాలి?
— ఒక మాస్టారు, సోంపేట

జవాబు: పూర్తిగా ఆపలేరండి. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు, లింకున్న ఎవరైనా చూడొచ్చు. ప్రైవేటుగా పెట్టి ఒక్కొక్కరి జీమెయిల్‌కి అనుమతి ఇవ్వొచ్చు, పిల్లలు తక్కువైతే ఆ శ్రమ పడొచ్చు. స్క్రీను రికార్డు చేసేవాణ్ణి మాత్రం అదీ ఆపదు. వీడియో మూలన మీ పేరూ ఫోన్ నంబరూ వేసేయండి, లింకు ఎంత తిరిగితే మీ నంబరూ అంత తిరుగుతుంది. వారానికో రోజు సందేహాల క్లాసు పెట్టి, డబ్బు కట్టినవాళ్లనే రానివ్వండి.