గడ్డికి పచ్చరంగు వేస్తే నలుపెక్కుతోంది, ఎందుకు?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ బ్లాకులతో ప్రపంచం కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట మీదే. వేరుగా చెప్పని చోట జవాబులు కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్ 1.21.1కి సంబంధించినవి. ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగులో అచ్చువేస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు మాత్రం ఆంగ్లంలో, అన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదలకుండా రాయాలి. ఈ ఆటకు పెద్ద అక్షరాలున్న టెక్స్‌చర్ (బ్లాకుల మీద పరిచే బొమ్మ) పేర్లు పనికిరావు.

ప్ర: సొంతంగా రిసోర్స్ ప్యాక్ (ఆట బొమ్మలను మార్చే ఫైళ్ల కట్ట) తయారుచేసి రిసోర్స్‌ప్యాక్స్ ఫోల్డర్లో పెట్టాను. ఆటలో అసలు కనిపించడం లేదు. ఎక్కడ తప్పు?

జ: అసలు కనిపించడమే లేదంటే సాధారణంగా ప్యాక్.ఎంసీమెటా, అంటే ప్యాక్ వివరాలుండే ఫైలు, ఆటకు దొరకలేదని అర్థం. బొమ్మల జోలికి పోకుండా ముందు దాన్ని వెతకండి. రెండు చోట్ల దెబ్బతింటుంది. ఒకటి, విండోస్ ఫైలు పేర్ల చివరి తోకను దాచేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు అది ప్యాక్.ఎంసీమెటా.టీఎక్స్‌టీగా మారి ఉంటుంది, మీకు మాత్రం సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూపించే సెట్టింగు ఆన్ చేస్తే అసలు పేరు బయటపడుతుంది. రెండోది జిప్. ఫోల్డర్ మీద కుడి క్లిక్ కొట్టి జిప్ చేస్తే లోపల మళ్లీ ఒక ఫోల్డర్ ఉండి, ఎంసీమెటా ఒక మెట్టు కిందికి పోతుంది. ఫోల్డర్ లోపలికి వెళ్లి, ఎంసీమెటానీ అసెట్స్ ఫోల్డర్‌నీ కలిపి ఎంచుకుని అప్పుడు జిప్ చేయండి. ఇంకా పని సాగుతున్న ప్యాక్‌కైతే జిప్ అక్కర్లేదు, మామూలు ఫోల్డర్‌గా పెట్టినా ఆట చదువుతుంది.

ఎంసీమెటాలో ప్యాక్ అనే పేరు కింద రెండు వివరాలుంటే చాలు: ప్యాక్_ఫార్మాట్ అంకె, డిస్క్రిప్షన్. 1.21, 1.21.1లకు ఆ అంకె 34. 1.20.1కి అయితే 15. అంకె తప్పితే ప్యాక్ ఎర్రగా కనిపించి హెచ్చరిక వస్తుంది, అంతే. ఒప్పుకుని ముందుకెళ్తే బొమ్మలు చాలావరకు పనిచేస్తాయి. కాబట్టి ఎర్రరంగు చూసి ప్యాక్ మొత్తం తిరగరాయకండి.

ప్ర: గడ్డి బ్లాక్ పైభాగాన్ని మంచి ఆకుపచ్చలో గీశాను. ఆటలో చూస్తే ముదురు, బురద పచ్చగా ఉంది. నా బొమ్మ చెడిపోయిందా?

జ: బొమ్మ బాగానే ఉంది. దాని మీద ఆట ఇంకో పూత వేస్తోంది. ఒరిజినల్ గ్రాస్_బ్లాక్_టాప్.పీఎన్‌జీని తెరిచి చూడండి, అది బూడిదరంగులో ఉంటుంది. (వెర్షన్స్ ఫోల్డర్లోని 1.21.1 జార్ ఫైలును జిప్ తెరిచే ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా తెరవచ్చు. లోపల అసెట్స్, మైన్‌క్రాఫ్ట్, టెక్స్‌చర్స్, బ్లాక్ వరుసలో వెళ్తే అన్నీ దొరుకుతాయి.) ఎడారిలో ఎండిన గడ్డిగా, అడవిలో పచ్చగడ్డిగా ఒకే బొమ్మ కనిపించాలని ఆ బూడిద మీద ఒక్కో బయోమ్‌కు (ఎడారి, అడవి లాంటి ప్రాంతానికి) ఒక్కో రంగును గుణించి చూపిస్తారు.

లెక్క చూడండి. మైదానాల బయోమ్‌లో గడ్డి రంగు ఎరుపు 145, ఆకుపచ్చ 189, నీలం 89. మీరు వేసిన రంగు 100, 180, 60 అనుకుందాం. ఒక్కో అంకెను దాని జతతో గుణించి 255తో భాగిస్తే దాదాపు 57, 133, 21 వస్తుంది. మీరు చూస్తున్న బురద పచ్చ ఇదే. అదే చోట 180, 180, 180 బూడిద వేసి ఉంటే 102, 133, 63 వచ్చేది, కంటికి హాయైన గడ్డి రంగు.

అందుకని బూడిదలోనే గీయడం ఉత్తమం. వెలుగునీడలు మీవి, రంగు ఆటది. గులాబీ గడ్డో నీలి గడ్డో కావాలంటే మాత్రం పూతను తీసేయక తప్పదు. కలర్‌మ్యాప్ ఫోల్డర్లో గ్రాస్.పీఎన్‌జీ అనే 256×256 బొమ్మ ఉంటుంది. దాన్ని పూర్తిగా తెల్లగా నింపితే గుణకారం తర్వాత కూడా మీ రంగు మారదు. అయితే చిత్తడి నేలలు, బ్యాడ్‌ల్యాండ్స్ ఈ బొమ్మను చూడవు, వాటి గడ్డి రంగు ఆటలోనే విడిగా రాసి ఉంది. అక్కడ కూడా మీ రంగే కావాలంటే మోడల్స్ ఫోల్డర్లోని గ్రాస్_బ్లాక్.జేసన్ తీసుకుని, టింట్‌ఇండెక్స్ (పూత వేయమని ఆటకు చెప్పే గుర్తు) ఉన్న చోటల్లా దాన్ని తొలగించండి. దీనికీ ఓ చిక్కుంది: ఆ బ్లాక్ ఒక్కటే మారుతుంది, పైన మొలిచే గడ్డిపోచలు పాత పచ్చలోనే ఊగుతుంటాయి. బ్లాక్ పక్కల నుంచి కిందికి దిగే పచ్చ అంచు బొమ్మ కూడా వేరు, గ్రాస్_బ్లాక్_సైడ్_ఓవర్‌లే. దాన్ని మరిచిపోతే పైన గులాబీ, పక్కన బూడిద అంచు మిగులుతాయి.

మార్పు చేసిన ప్రతిసారీ ఆట మూసి తెరవక్కర్లేదు. ఎఫ్3 నొక్కిపట్టి టీ నొక్కితే ప్యాకులన్నీ మళ్లీ లోడవుతాయి. ఊదా, నలుపు గళ్లు కనిపిస్తే బొమ్మ పేరో దారో తప్పింది. 1.13కి ముందు బ్లాకుల బొమ్మలుండే ఫోల్డర్ పేరు బ్లాక్స్, ఇప్పుడు బ్లాక్. పాత పాఠాలు చూసి చేసినవాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే.

ప్ర: బొమ్మలు 20×20 సైజులో గీయొచ్చా? 16 మరీ ఇరుకుగా ఉంది.

జ: గీయకండి. 32కి వెళ్లండి. దూరంగా ఉన్న బ్లాకులను చూపడానికి ఆట ప్రతి బొమ్మనూ సగానికి సగం కుదించుకుంటూ పోతుంది, వీటిని మిప్‌మ్యాప్‌లంటారు. 16ను నాలుగుసార్లు సగం చేయొచ్చు. 20ని రెండుసార్లకే, ఆపైన బేసి సంఖ్య వచ్చేస్తుంది. బ్లాకుల బొమ్మలన్నీ ఒకే పెద్ద పటంలో అతికి ఉంటాయి కాబట్టి మీ ఒక్క 20 బొమ్మ వల్ల అన్నింటికీ ఆ హద్దే పడి, దూరంలో నేలంతా మిలమిల మెరుస్తుంది.

ప్ర: మోడ్‌లు (ఆటను మార్చే బయటి ప్రోగ్రాములు) వేయకుండా ఆట తీరు మార్చాలి. కుళ్లిన మాంసాన్ని కొలిమిలో కాలిస్తే తోలు రావాలి, పంటలు త్వరగా పండాలి.

జ: మొదటిదానికి డేటా ప్యాక్ (ఆట నియమాలను మార్చే ఫైళ్ల కట్ట), రెండోదానికి గేమ్‌రూల్ అనే కమాండ్ చాలు.

సేవ్స్‌లో మీ ప్రపంచం ఫోల్డర్ తెరిస్తే డేటాప్యాక్స్ కనిపిస్తుంది. అందులో మీ ప్యాక్ ఫోల్డర్, దాంట్లో ప్యాక్.ఎంసీమెటా పెట్టండి. ఇక్కడ అంకె 34 కాదు, 48. రిసోర్స్ ప్యాకులకూ డేటా ప్యాకులకూ లెక్క వేరు. తర్వాత డేటా, అందులో మీరు పెట్టుకున్న ఏదైనా పేరు, దాని లోపల రెసిపీ అనే ఫోల్డర్, అందులో లెదర్.జేసన్. ఫైల్లో రాయాల్సినవి: టైప్ మైన్‌క్రాఫ్ట్:స్మెల్టింగ్, ఇంగ్రీడియెంట్ కింద ఐటమ్‌గా రాటెన్_ఫ్లెష్, రిజల్ట్ కింద ఐడీగా లెదర్, ఎక్స్‌పీరియన్స్ 0.35, కుకింగ్‌టైమ్ 200. ఆట గడియారం సెకనుకు 20 టిక్కులు కాబట్టి 200 అంటే 10 సెకన్లు. ఆటలో రీలోడ్ కమాండ్ ఇవ్వండి.

పనిచేయకపోతే ముందు ఫోల్డర్ పేరు చూడండి. 1.21కి ముందు అది బహువచనంలో, రెసిపీస్ అని ఉండేది. పాత పేరే ఉంచితే ఏ తప్పూ చూపదు, ఏ హెచ్చరికా రాదు, రెసిపీ మాత్రం ఉండదు. పేరు సరిగ్గానే ఉంటే లాగ్స్ ఫోల్డర్లో లేటెస్ట్.లాగ్ తెరవండి. కామా జారిపోయినా, ఐడీ అని రాయాల్సిన చోట ఐటమ్ అని రాసినా ఆ సంగతి అక్కడ ఉంటుంది.

పంటలకు గేమ్‌రూల్ ర్యాండమ్‌టిక్‌స్పీడ్. మామూలుగా 3, దాన్ని 10 లేదా 15 చేసి చూడండి. వేలల్లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. ఈ అంకె పంటలకే పరిమితం కాదు, చెట్టు కొట్టాక ఆకులు రాలడం, దీపం పక్కన మంచు కరగడం అన్నీ దీని మీదే నడుస్తాయి. మరీ పెంచితే ఆట ఆగి ఆగి సాగుతుంది. కమాండ్లు అనుమతించకుండా మొదలుపెట్టిన ప్రపంచమైతే ఓపెన్ టు ల్యాన్ నొక్కి అక్కడ కమాండ్లు ఆన్ చేయండి. ఆట మూయగానే ఆ అనుమతి పోతుంది, మార్చిన రూల్ మాత్రం ప్రపంచంలో నిలిచిపోతుంది.

ప్ర: షేడర్లు (వెలుగునీడలను అందంగా చూపించేవి) వేశాక ఆట తెరుచుకోవడం లేదు.

జ: మోడ్‌లను ఆటలోకి ఎక్కించే ఫ్యాబ్రిక్ దారిలో వెళ్తే నాలుగు కావాలి: ఫ్యాబ్రిక్ లోడర్, ఫ్యాబ్రిక్ ఏపీఐ, సోడియం, ఐరిస్. చివరి మూడూ మోడ్స్ ఫోల్డర్లోకి, షేడర్ జిప్ మాత్రం షేడర్‌ప్యాక్స్‌లోకి. అన్నీ 1.21.1కి చేసినవే కావాలి. ఐరిస్ ఏ సోడియం వెర్షన్ అడుగుతుందో అదే వేయాలి, కొత్తది వచ్చింది కదా అని సోడియం ఒక్కదాన్నే మారిస్తే ఆట పడిపోతుంది. ఫోర్జ్ అనే వేరే లోడర్ కోసం చేసిన మోడ్‌ను ఇక్కడ పెట్టినా లాభం లేదు. తెరుచుకుని నత్తనడక నడుస్తుంటే షేడర్ సెట్టింగుల్లో నీడల రిజల్యూషన్‌ను సగం చేయండి, భారంలో పెద్ద భాగం అక్కడే ఉంటుంది.

కొత్త బ్లాకులు చేర్చే మోడ్ ఏదైనా వేసే ముందు ప్రపంచానికి బ్యాకప్ తీసుకోండి, ఎడిట్ తెరలో బటన్ ఉంది. మోడ్ తీసేశాక ప్రపంచం తెరిస్తే ఆ బ్లాకులతో కట్టిన గోడల స్థానంలో గాలే మిగులుతుంది.

ప్ర: నా స్కిన్‌లో (పాత్ర రూపపు బొమ్మలో) చేతులు పారదర్శకంగా చెరిపాను. ఆటలో నల్లగా వస్తున్నాయి.

జ: 64×64 స్కిన్‌లో రెండు పొరలుంటాయి. శరీరపు పొరలో పారదర్శకత పనిచేయదు, చెరిపిన చోటు నల్లబడుతుంది. టోపీ, చొక్కా చేతుల కోసం ఉన్న పై పొరలో మాత్రమే చెరపండి. చేతులు పక్కకు జరిగినట్టుంటే స్కిన్ ఎక్కించేటప్పుడు మోడల్ తప్పుగా ఎంచుకున్నారు: క్లాసిక్ చేయి వెడల్పు 4 పిక్సెళ్లు, స్లిమ్‌ది 3.

ప్ర: ఫోన్లో ఆడతాను. పై ప్యాకులు పెట్టుకోవచ్చా?

జ: ఫోన్లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్, జావా ప్యాకులు నేరుగా ఎక్కవు. ఎంసీమెటాకు బదులు మేనిఫెస్ట్.జేసన్ రాసి, జిప్ తోకను .ఎంసీప్యాక్‌గా మార్చాలి. మేనిఫెస్ట్‌లో హెడర్‌కు ఒకటి, మాడ్యూల్‌కు ఒకటి, రెండు వేర్వేరు యూయూఐడీలు (దేనికదే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యలు) పెట్టండి. బొమ్మలు మార్చి మళ్లీ ఎక్కిస్తుంటే అదే ప్యాక్ ఇప్పటికే ఉందని తిప్పికొడుతుంది. వెర్షన్‌ను 1, 0, 0 నుంచి 1, 0, 1కి పెంచి ఎక్కించండి.