పోకెమాన్ కార్డుల ఆటలో ఏ చారిజార్డ్‌ను ఎంచుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను రావులపాలెంలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య వచ్చినప్పుడల్లా పోకెమాన్ కార్డులు తెచ్చిపెడతాడు. ఆదివారాల్లో కొత్తపేట వెళ్లి మా పెదనాన్నగారి అబ్బాయిలతో ఆడతాను. నా దగ్గర చారిజార్డ్ ఈఎక్స్ కార్డులు నాలుగున్నాయి. వాటిలో రెండు ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్టువి, రెండు 151 అనే సెట్టువి. రెండు రకాలకూ 330 ఎచ్‌పీ (ప్రాణబలం) ఉంది. ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ కార్డు 180 డ్యామేజీ చేస్తే 151 కార్డు ఒక్క దెబ్బకు 330 చేస్తుంది కాబట్టి 151 కార్డే గొప్పదని నా నమ్మకం. అయినా రెండేసి చొప్పున డెక్‌లో (ఆటకు వాడే కార్డుల కట్టలో) పెట్టి ఆడితే ఎక్కువసార్లు ఓడిపోతున్నాను. మా అన్నల్లో ఒకరు గార్డెవోయిర్ ఈఎక్స్‌తోనూ, ఇంకొకరు డ్రాగాపల్ట్ ఈఎక్స్‌తోనూ ఆడతారు. నేను ఏ చారిజార్డ్‌ను ఉంచుకోవాలి?

జవాబు: మూడు ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ కార్డులు, ఒకే ఒక్క 151 కార్డు ఉంచుకోండి. ఈ లెక్క మీకు తలకిందులుగా కనిపించవచ్చు గనుక కారణం వివరంగా చెబుతాను.

మొదట నియమం చూద్దాం. 60 కార్డుల డెక్‌లో ఒకే పేరున్న కార్డులు నాలుగుకు మించి ఉండకూడదు. దెబ్బ వేయడానికి పోకెమాన్‌కు తగిలించే ప్రాథమిక ఎనర్జీ కార్డులకు మాత్రమే ఈ పరిమితి లేదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పేరే గాని బొమ్మ గాని, సెట్టు గాని కాదు. మీ రెండు రకాల కార్డుల మీదా ఉన్న పేరు చారిజార్డ్ ఈఎక్స్ కనుక రెండూ కలిపి నాలుగే. ఈఎక్స్ అన్న అక్షరాలు లేని ఉత్త చారిజార్డ్ వేరే పేరు కింద లెక్కకు వస్తుంది. అంటే ఒక 151 కార్డు పెట్టిన ప్రతిసారీ మీరు ఒక ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ కార్డుకు చోటు లేకుండా చేస్తున్నారు.

మీరు రెండు కార్డులను డ్యామేజీ అంకెతో పోల్చారు. మన డెల్టాలో రైతు విత్తనాన్ని అలా ఎంచుకోడు. స్వర్ణ, 1010 రెండూ మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టిన వరి రకాలే. స్వర్ణ చేతికి రావడానికి సుమారు 150 రోజులు పడితే 1010కు సుమారు 120 రోజులు చాలు. సార్వాకు (వానాకాలం పంటకు) స్వర్ణ చల్లిన రైతే కాలువ నీరు ఎన్నాళ్లు వస్తుందో చూసుకుని దాళ్వాకు (రెండో పంటకు) తక్కువ రోజుల రకాన్ని వెతుక్కుంటాడు. దిగుబడి ఎంత అన్నదానికంటే ముందు అది ఎన్నాళ్లకు చేతికి వస్తుంది అని అడుగుతాడు. మీ కార్డులను కూడా మొదట అదే ప్రశ్న అడగాలి.

151 కార్డులో 330 డ్యామేజీ చేసే ఎక్స్‌ప్లోసివ్ వోర్టెక్స్‌కు నాలుగు ఫైర్ ఎనర్జీలు కావాలి. చేతిలోనుంచి వంతుకు ఒక ఎనర్జీయే తగిలించగలం కనుక ఇతర సాయం లేకపోతే దానికి నాలుగు వంతులు పడుతుంది. పైగా దెబ్బ వేసిన వెంటనే వాటిలో మూడింటిని పారవేయాలి. ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ కార్డు సంగతి వేరు. చారిజార్డ్‌కు మొదటి దశ చార్మాండర్, మధ్య దశ చార్మీలియన్. ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్‌ను చార్మీలియన్ మీద గాని, మధ్య దశను దాటించే రేర్ క్యాండీ కార్డు సాయంతో నేరుగా చార్మాండర్ మీద గాని చేతిలోనుంచి వేసి ఎవాల్వ్ చేసినప్పుడు (పై దశకు తెచ్చినప్పుడు), ఇన్‌ఫర్నల్ రెయిన్ అనే ఎబిలిటీ (దెబ్బ కాని ప్రత్యేక శక్తి) ద్వారా డెక్‌లోనుంచి మూడు ప్రాథమిక ఫైర్ ఎనర్జీల వరకు వెతికి తీసి, మీ పోకెమాన్‌లలో దేనికి కావాలంటే దానికి తగిలించుకోవచ్చు. దాని దెబ్బ బర్నింగ్ డార్క్‌నెస్‌కు రెండు ఫైర్ ఎనర్జీలే చాలు. మొదటి వంతులో చార్మాండర్‌ను బెంచ్ (ముందు నిలిచి ఆడే పోకెమాన్ వెనకనున్న వరుస) మీద పెట్టి, రెండో వంతులో రేర్ క్యాండీ, చారిజార్డ్ రెండూ చేతికి వస్తే ఆ వంతులోనే అది దెబ్బకు సిద్ధమవుతుంది. ఇక ఆ 180 కూడా 180 దగ్గర ఆగిపోదు. ఎదుటివారు తీసుకున్న ప్రతి ప్రైజ్ కార్డుకు (అంటే మీ పోకెమాన్‌ను పడగొట్టినప్పుడు వారికి దక్కే కార్డుకు) 30 చొప్పున పెరుగుతుంది. వారు రెండు తీసుకుంటే 240, నాలుగు తీసుకుంటే 300, అయిదు తీసుకుంటే 330. మీరు వెనకబడుతున్న కొద్దీ బలపడే కార్డు ఇది.

ఈ కార్డు డార్క్‌నెస్ రకానిదే అయినా దాని దెబ్బకు కావలసినది ఫైర్ ఎనర్జీ అని మరిచిపోవద్దు. కార్డు రంగు చూసి డార్క్‌నెస్ ఎనర్జీలు నింపుకున్న పిల్లలను నేను చూశాను.

మీ అన్నల డెక్‌ల దగ్గరికి వద్దాం. గార్డెవోయిర్ ఈఎక్స్‌కు 310 ఎచ్‌పీ ఉంది, దాని బలహీనత డార్క్‌నెస్. బలహీనత ఉన్నచోట డ్యామేజీ రెట్టింపవుతుంది కనుక ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్ ఒక్క ప్రైజ్ కూడా పోకముందే 180ని 360 చేసి దాన్ని ఒకే దెబ్బకు నాకౌట్ చేస్తుంది. 151 కార్డు కూడా 330తో ఆ పని చేయగలదు గాని, రెండు ఎనర్జీలతో అయ్యే పనికి నాలుగు ఎనర్జీలు పెట్టి మూడు పోగొట్టుకోవడం ఎందుకు? ఈ ఆటలో 151 కార్డుకు పనే లేదు.

డ్రాగాపల్ట్ ఈఎక్స్ ఎదురైనప్పుడు మాత్రం ఆలోచించవలసినది చాలా ఉంది. దానికి 320 ఎచ్‌పీ, బలహీనత ఏదీ లేదు. ఎదుటివారు నాలుగు ప్రైజ్‌లు తీసుకున్నా మీ దెబ్బ 300 దగ్గరే ఉంటుంది, ఒక్క దెబ్బతో అది పడదు. అదే సమయంలో దాని ఫాంటమ్ డైవ్ ముందున్న పోకెమాన్‌కు 200 డ్యామేజీ చేస్తూ బెంచ్ మీద ఆరు డ్యామేజీ కౌంటర్లు (ఒక్కోటి 10 డ్యామేజీకి గుర్తు) పంచుతుంది. ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్ టెరా పోకెమాన్ కనుక బెంచ్ మీద ఉండగా దెబ్బల వల్ల దానికి డ్యామేజీ తగలదు. అయితే ఫాంటమ్ డైవ్ బెంచ్ మీద చేసేది డ్యామేజీ కాదు, కౌంటర్లను పెట్టడం. ఆ రక్షణ దీనికి వర్తించదు. దీన్ని గమనించక ఓడిపోయినవారు చాలామంది ఉంటారు.

మీ 151 కార్డుకు చోటున్నది ఇక్కడే. అందులో బ్రేవ్ వింగ్ అనే మొదటి దెబ్బను చాలామంది చదవకుండానే దాటిపోతారు, నాకు ఆ కార్డులో అన్నిటికంటే నచ్చినది అదే. ఒక్క ఫైర్ ఎనర్జీతో అది 60 చేస్తుంది. ఆ చారిజార్డ్ మీద ఒక్క డ్యామేజీ కౌంటర్ ఉన్నా ఇంకో 100 కలిసి 160 అవుతుంది. డ్రాగాపల్ట్ మీ బెంచ్ మీద చల్లే కౌంటర్లలో ఒకటి చార్మాండర్ మీద పడి అది నిలబడితే, దాన్ని ఎవాల్వ్ చేసినా ఆ కౌంటర్ అలాగే ఉంటుంది. అప్పుడు ఒక్క ఎనర్జీతో 160, తరువాతి వంతులో మళ్లీ 160, కలిపితే సరిగ్గా 320. లేదా ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్‌ను ఎవాల్వ్ చేస్తూ ఆ మూడు ఎనర్జీలను 151 కార్డు వేయబోయే చార్మాండర్‌కు తగిలించి, చేతిలోని ఎనర్జీ ఒకటి కలిపి, ఒకే దెబ్బకు 330 కొట్టవచ్చు. ఇది అందమైన ఎత్తు, కాదనను. కాని దీనికి రెండు స్టేజ్ 2 (చివరి దశ) పోకెమాన్‌లు సమయానికి చేతికి రావాలి, ఎనర్జీ తగిలిన పోకెమాన్ ముందుకు రావడానికి దారి ఉండాలి.

అలాంటప్పుడు రెండు 151 కార్డులు ఎందుకు వద్దంటున్నాను? మీ ఓటములకు కారణం అక్కడే ఉంది. ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ కార్డులు రెండే ఉంటే మొదటి ఏడు కార్డుల్లో వాటిలో ఒకటైనా వచ్చే అవకాశం సుమారు 22 శాతం. మూడుంటే సుమారు 32 శాతం, నాలుగుంటే 40 శాతం. మీ ఆట మొత్తాన్ని నడిపేది ఇన్‌ఫర్నల్ రెయిన్. ముందుగా 151 కార్డు చేతికి వచ్చి దాన్నే వేసుకుంటే మీ ఎనర్జీ వంతుకు ఒకటిగా నడుస్తుంది, ఈలోపు మీ అన్నగారు రెండు ప్రైజ్‌లు తీసుకుంటారు. పైగా ఇలాంటి డెక్‌లో ఆరేడు ఫైర్ ఎనర్జీలకు మించి పెట్టడానికి చోటుండదు. ఎక్స్‌ప్లోసివ్ వోర్టెక్స్ ఒక్కసారి వాడితేనే వాటిలో సుమారు సగం పోతాయి, రెండోసారికి డెక్‌లో వెతకడానికి ఏమీ మిగలదు. అందుకే మొదట వేయవలసిన కార్డు మూడు, చివర్లో అక్కరకు వచ్చే కార్డు ఒకటి. ఆ ఒక్క 151 కార్డు ఆట మొదట్లో పక్కన పెట్టే ఆరు ప్రైజ్ కార్డుల్లో చిక్కుకునే అవకాశం పదింట ఒకటి ఉంది. దాని మీదే ఆశ పెట్టుకోలేదు గనుక ఆ నష్టాన్ని భరించవచ్చు.

మూడో కార్డుకు డబ్బు పెట్టకముందు మీ అన్నలను అడిగి చూడండి. మీ దగ్గర మిగిలే 151 కార్డు బొమ్మకు ముచ్చటపడి ఎవరైనా మార్చుకోవచ్చు. 2024లో వచ్చిన పాల్డియన్ ఫేట్స్ సెట్టులోనూ ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ కార్డే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ అచ్చయింది, అది దొరికినా సరిపోతుంది. మీ రెండు రకాల కార్డులూ 2023లో వచ్చినవే, రెండింటి మీదా కింద ఉండే నియమాక్షరం జీ. అధికారిక స్టాండర్డ్ పోటీల్లో పాత అక్షరాలను ఎప్పటికప్పుడు తొలగిస్తారు గనుక అలాంటి పోటీకి వెళ్లేటట్లయితే ఆ అక్షరం చెల్లుతుందో లేదో ముందుగా చూసుకోండి. కొత్తపేట అరుగు మీద ఆటకు ఆ చింత అక్కర్లేదు.

ప్రశ్న: నమస్కారమండి. మాది భీమవరం. మా అబ్బాయి ఏడో తరగతి. వాడికి చారిజార్డ్ కార్డు ఒకటి ఉంది. అదే చారిజార్డ్‌కు బంగారు రంగుది, పెద్ద బొమ్మది కూడా ఉంటాయని, అవి ఇంకా బలమైనవని చెప్పి కొనిపెట్టమంటున్నాడు. బజారులో బంగారు రంగు కార్డులు పెట్టె మొత్తం తక్కువ ధరకే ఇస్తున్నారు. వాటిలో ఏది కొనాలి?

జవాబు: అమ్మా, ఆ పెట్టె కొనవద్దు. పెట్టె నిండా బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులే ఉండి అంత చవకగా వస్తున్నాయంటే అవి నకిలీవి. వాటితో అధికారిక పోటీల్లో ఆడనివ్వరు, తరువాత ఎవరూ మార్చుకోరు కూడా. అసలు కార్డు అట్టతో చేసినది, దాని అంచును వెలుతురులో చూస్తే తెల్లని పొరల మధ్య సన్నని నల్లని గీత కనబడుతుంది. నకిలీ కార్డుల మీద అక్షరదోషాలుంటాయి, వెనక వైపు నీలం రంగు తేడాగా ఉంటుంది. అసలు కార్డును పక్కన పెట్టి చూస్తే మీ అబ్బాయే పట్టేస్తాడు.

అసలైన బంగారు రంగు చారిజార్డ్ కూడా ఉంది, మీ అబ్బాయి చెప్పినదాంట్లో అంతవరకు నిజమే. కార్డు కింది మూలన ఉన్న అంకెలు చూడమనండి. ఒబ్సిడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్ ఈఎక్స్ మామూలు కార్డు మీద 125/197 అని ఉంటుంది. అదే కార్డు కార్డంతా నిండిన బొమ్మతో 215, ప్రత్యేక చిత్రంతో 223, బంగారు రంగులో 228 సంఖ్యలతో అచ్చయింది. మొదటి అంకె రెండోదానికంటే పెద్దదిగా ఉంటే అది సెట్టులో అరుదైన కార్డు అని అర్థం. అయితే నాలుగింటి మీదా ఎచ్‌పీ 330, దెబ్బ 180, ఎబిలిటీ ఒకటే. ఆటలో 228 సంఖ్య కార్డు 125 సంఖ్య కార్డుకంటే ఒక్క పాయింటు కూడా ఎక్కువ చేయదు. ధరలో తేడా అంతా బొమ్మకూ అరుదుతనానికీ పెట్టేదే.

మీ అబ్బాయి ఆడాలనుకుంటున్నాడో, దాచుకోవాలనుకుంటున్నాడో కూర్చోబెట్టి అడగండి. ఆడడానికైతే మామూలు కార్డు ఇంకొకటి, దానితోపాటు రేర్ క్యాండీలు, చార్మాండర్‌లు కొనిపెట్టండి, డెక్ నిజంగా బలపడుతుంది. చారిజార్డ్ ఎంత మంచిదైనా కింద చార్మాండర్ లేకపోతే చేతిలోనే ఉండిపోతుంది. దాచుకోవడానికైతే పుట్టినరోజుకు ఒక్క మంచి బొమ్మ కార్డు, నమ్మకమైన చోట, విడిగా కొనండి. ప్యాక్‌లు విప్పుతూ అదే కార్డు వస్తుందని ఎదురుచూస్తే ఖర్చుకు అంతుండదు.

ప్రశ్న: నరసాపురంలో ఉంటాం. వానాకాలం వచ్చేసరికి నా మెరుపు కార్డులన్నీ విల్లులా వంగిపోతున్నాయి. ప్రత్యేక చిత్రం ఉన్న చారిజార్డ్ మరీ ఎక్కువగా వంగింది. దాన్ని డెక్‌లో వాడవచ్చా, మామూలుదే వాడాలా?

జవాబు: వంగినంత కాలం దాన్ని డెక్‌లో పెట్టవద్దు. వెనక నుంచి చూసి ఫలానా కార్డని పోల్చుకోగలిగితే పోటీలో దాన్ని గుర్తు పెట్టిన కార్డుగా పరిగణిస్తారు, ఎదుటివారికి అన్యాయం కూడా. మెరుపు కార్డులో అట్ట గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది, దాని మీది మెరుపు పొర సాగదు, అందుకే వంపు వస్తుంది. మీకు సముద్రపు గాలి దగ్గర గనుక ఇది తప్పదు. 60 కార్డులకూ ఒకే రకం కవర్లు తొడిగి, గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, కార్డుల మీద కొద్దిపాటి బరువు ఉంచండి. కొన్నాళ్లకు చాలావరకు సర్దుకుంటాయి. ఎండలో మాత్రం పెట్టవద్దు, రంగులు వెలిసిపోతాయి. అందాకా రెండింటిలో తిన్నగా ఉన్న మామూలు కార్డుతోనే ఆడండి, ఆటలో తేడా ఏమీ ఉండదు.