కాలనీలో ఏటా వాననీళ్ళు నిలుస్తుంటే కాలనీవాళ్ళం చేయగలిగింది ఏమైనా ఉందా?

హైదరాబాద్‌లో పల్లపు కాలనీ, గట్టి వాన పడితే గ్రౌండ్ ఫ్లోర్లలోకి నీళ్ళు వస్తున్నాయి, నాలా కార్పొరేషన్ పని కదా, మేమేం చేయగలం అని అడిగారు. చాలానే చేయొచ్చు. కాకపోతే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి.

ముందు నీళ్ళ దారి కాగితం మీదికి ఎక్కించండి. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే అలుగు పారి కిందిదానిలోకి పోవాలి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగితే హఫీజ్ బాబా నగర్ మునిగింది. కాబట్టి మీ వీధి కాలువ ఒక్కటి చూస్తే చాలదు. ఎగువ చెరువు, దాని అలుగు, దిగువన నాలా కలిసే చోటు, మూడూ నడిచి చూడాలి. పాత గ్రామ నక్షా పక్కన పెట్టుకుంటే నాలా ఎక్కడ కుంచించుకుపోయిందో తెలిసిపోతుంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9, లోపైతే 2 మీటర్లు.

తర్వాత లెవల్స్. మేస్త్రీల దగ్గరుండే లెవల్ ట్యూబుతో ప్రతి మలుపులో రోడ్డు ఎత్తు, ఇళ్ళ గడపల ఎత్తు, గోడల మీద పాత నీటి మరక ఎత్తు రాసుకోండి. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఈ కాగితమే. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే ఇంకో ఆరంగుళాల సీసీ వేస్తే ఇళ్ళన్నీ ఆ మేరకు పల్లంలో పడ్డట్టే. కొత్త రోడ్డు మంజూరు కాగానే, ఉన్న లెవల్ దాటకూడదని ఈ కాగితం జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. వట్టి ఫిర్యాదును పక్కన పెట్టేస్తారు, కొలతలున్న నక్షా ఇంజనీరు చేతికిస్తే ఎస్టిమేట్‌లోకి వెళ్తుంది. నాలా డిజైన్ వెడల్పు, పూడికతీత టెండర్ పరిమాణం పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో అడగొచ్చు.

నీళ్ళు ఆగేది ఎక్కువగా కల్వర్టు దగ్గరే. నాలాకు అడ్డంగా పోయే నీటి పైపులు, కేబుళ్ళ కట్టలు ప్లాస్టిక్‌ను పట్టేసుకుంటాయి. తీసిన పూడికను గట్టున వదిలేస్తే మొదటి వానకే మళ్ళీ లోపలికి జారుతుంది, అది లారీ ఎక్కేదాకా కాలనీవాళ్ళెవరో ఒకరు అక్కడ ఉండాలి.

ఇంకుడు గుంతల మీద అతిగా ఆశ పెట్టుకోవద్దు. 120 చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 12,000 లీటర్లు. 2 మీటర్ల పొడవు, వెడల్పు, లోతున్న గుంతలో ముప్పాతిక వంతు కంకర నింపి పైభాగం ఖాళీగా వదిలితే పట్టేది సుమారు 4,000 లీటర్లు. అయినా వీధి మొత్తం చేస్తే మొదటి ఉధృతి తగ్గుతుంది. కింద 40 ఎంఎం, దానిమీద 20 ఎంఎం కంకర, పైన పలచగా ముతక ఇసుక. ఆ ఇసుక ఏటా మే నెలలో తీసి కడగకపోతే గుంత మూసుకుపోతుంది. కిందే బండ తగిలిన చోట నీళ్ళు ఇంకవు, అక్కడ తవ్వి డబ్బు పోగొట్టుకోకండి.

వరద రోజు మ్యాన్‌హోల్ మూత ఎవరినీ తీయనివ్వకండి. నీళ్ళ కింద నోరు కనబడదు, ప్రాణాలు పోతాయి. సెల్లార్‌లో మీటర్లుంటే నీళ్ళు చేరకముందే లైన్‌మన్‌తో సరఫరా ఆపించాలి. మంచం పట్టినవాళ్ళు, బాలింతలు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరి మేడ మీదికి చేర్చాలో ముందే రాసి కాగితం మీదే ఉంచండి. అప్పటికి ఫోన్లలో ఛార్జింగ్ ఉండదు. గ్రౌండ్ ఫ్లోర్ డ్రైనేజీ లైనుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టిస్తే మురుగు వెనక్కి తన్నదు.

నీళ్ళు తీశాక సంపు ఖాళీ చేసి గోడలు రుద్ది, మళ్ళీ నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి 12 గంటలు ఉంచండి. ఆ నీళ్ళు పూర్తిగా పారబోసి, కడిగి, అప్పుడే వాడకానికి పట్టుకోండి. తెరిచిన బస్తాలో చాన్నాళ్ళున్న పౌడర్‌కు ఘాటు పోయి ఉంటుంది, అది పనిచేయదు.